మందకి ఒకటే గొంతు

కొల్లేటి గట్టు మీద అచ్చాయమ్మని చూసినవాళ్లు ఆవిడ మూగదనుకునేవాళ్లు. ఇంట్లో చూసినవాళ్లు, మూగదైనా బాగుండేదనుకునేవాళ్లు. రెండింటికీ కారణం బాతులే. మంద కంటికి ఆనినంత దూరంలో ఆవిడ నోరు విప్పేది కాదు. చేత్తో సైగ, కనుబొమతో సైగ, మరీ ఒళ్లు మండితే మొగుడి వీపు మీదికి ఒక మట్టిబెడ్డ. సాయంత్రం వంటింటి గడప దాటిందా, పొద్దుటి నుంచి పళ్ల వెనక దాచిన మాటలన్నీ ఒక్క పెట్టున బయటికొచ్చేవి. ఆ వేడికి పొయ్యి మీద ఎసరు దానంతటదే మరిగేదని మొగుడు ఘంటయ్య చెప్పేవాడు. ఘంటయ్య మాటల్లో సగం తీసేయాలి. మిగిలిన సగం నిజం.

కొంగలదిబ్బ బాతులవాళ్లకి ఒక కట్టుబాటుంది. మందకి ఒకటే గొంతు. గుడ్లు పిగలడానికి మూడు రోజుల ముందు నుంచి, ఆ మందని ఎవరు తోలబోతున్నారో ఆ మనిషి గంపల పక్కన కూర్చుని పిలుస్తూ ఉండాలి. పెంకు లోపలి పిల్ల ఆ పిలుపు వింటుంది. బయటికొచ్చాక ఆ పిలుపు వెనకాలే నడుస్తుంది, ఈదుతుంది, పొద్దుగూకే వేళకి దడిలోకి వస్తుంది. మధ్యలో రెండో గొంతు చెవిన పడితే మంద రెండు చీలికలవుతుంది. అందుకని ఇంట్లో తక్కినవాళ్లు బాతుల దగ్గర నోరు కట్టేసుకోవలసిందే. తుమ్మొచ్చినా తువ్వాలు అడ్డం పెట్టుకుని తుమ్మాలి.

పంతొమ్మిదేళ్లు అచ్చాయమ్మే ఆ గొంతు. "దే... దే దే దే..." అని మొదలుపెట్టి, చివర నాలికని అంగుడికి ఆనించి దొర్లించేది. ఆ పిలుపు కిక్కిస గడ్డి దాటి, చేపల చెరువులు దాటి, ఆకివీడు స్టేషన్లో ఆగిన బండిని ఇంకో రెండు నిమిషాలు ఆపేదట. అదీ ఘంటయ్య లెక్కే. నాలుగేళ్ల కిందట ఆవిడ గంపల పక్క నుంచి లేచి, ఆ చోట కూతుర్ని కూర్చోబెట్టింది. పాత మంద పోయి కొత్త మంద వచ్చింది. ఇప్పుడున్న పద్నాలుగు వందల బాతులకీ ఆ కూతురు పెద్దింట్లు గొంతే తల్లి. అచ్చాయమ్మ గొంతు వాటికి దారిన పోయే మోటారు చప్పుడుతో సమానం.

పెద్దింట్లు అంటే కొల్లేటికోట అమ్మవారి పేరు. ఆ పేరు పెట్టుకున్న పిల్ల డిగ్రీ చదివింది, కంప్యూటర్ నేర్చింది. విదేశాలవాళ్ల ప్రశ్నలకి ఫోన్లో జవాబులు చెప్పే ఒక కంపెనీకి అర్జీ పెట్టింది. ఇంటర్వ్యూ ఫోన్ తెర మీదే జరిగింది. అవతలి ఆవిడ ఓపిగ్గా విని, "మీకు విషయం తెలుసు. కానీ మీ ఉచ్చారణ మా కస్టమర్లకి అందదు. దాని మీద పని చేసి, రెండు నెలల్లో మళ్లీ రండి" అంది.

ఆ పూట పిల్ల అన్నం తినలేదు. బాతుల్ని మాత్రం పిలిచింది. అవి మామూలుగానే వచ్చాయి. ఇంటికొచ్చాక, "చూసేవా, ఈటికి ఉచ్చారణ పట్టింపు లేదు" అని ఘంటయ్య ఓదార్చాడు. అది తప్పుడు మాటని రెండు నెలల్లోనే తేలింది.

మర్నాటి నుంచి వంటింటి మూల డోరతీ మేడం వెలిసింది. ఫోన్ తెరలో ఉంటుందావిడ. నవ్వుతూ ఒక మాట చెబుతుంది, పెదాలు ఎలా తిప్పాలో పెద్దవి చేసి చూపిస్తుంది, "రిపీట్ ఆఫ్టర్ మీ" అంటుంది. పెద్దింట్లు చెబితే ఫోన్ రికార్డు చేసుకుంటుంది. బాగుంటే పచ్చ గీత, లేకపోతే ఎర్ర గీత, దాంతోపాటు "ట్రై అగైన్" అని తియ్యటి గొంతు. ఎర్ర గీతల్లో సగం అచ్చాయమ్మ చలవే. సరిగ్గా పిల్ల నోరు తెరిచే వేళకే ఆవిడకి అన్నం గుర్తొచ్చేది.

"అమా! నేను చెప్పేటప్పుడే అరుత్తావేంటి? నీ గొంతు పడి మళ్లీ ఎర్ర గీత వచ్చింది చూడు."

"గీతలు తరవాత గీసుకుందువు గాని. కూర చల్లారిపోతంది. ఆవిడకేం, ఎవరో వండి పెడితే తిని వచ్చి పళ్లికిలిత్తాది."

"ఆవిడ లక్ష మందికి పాఠం చెప్తదే."

"లక్ష మందికి చెప్పి మా పిల్లకి రానప్పుడు ఎవరి తప్పే అది?"

నెల గడిచినా ఎర్ర గీతలే ఎక్కువ. అప్పుడు పెద్దింట్లు కామేశం మేష్టారి సంగతి విని వచ్చింది.

కామేశం మేష్టారు ఆకివీడులో ఒక కాలేజీ ఫిజిక్సు లాబులో డెమాన్‌స్ట్రేటరుగా చేసి రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో శాలువా కప్పబోతే వద్దని, మూలన పడున్న పాత వోల్టుమీటరు అడిగి పట్టుకెళ్లిన మనిషి. రైసుమిల్లు మేడ మీద గదిలో ఆయన ప్రయోగశాల. కింద మిల్లు ఆడితే పైన బల్లలన్నీ వణుకుతాయి. మేష్టారి బుగ్గలో ఎప్పుడూ ఒక కిళ్లీ ఉంటుంది. మాట దాని చుట్టూ తిరిగి బయటికొస్తుంది.

"ఇది నాలికపట్టీ" అన్నాడాయన. చూడబోతే పశువు మెడపలుపులా ఉంది. మెడకి చుట్టే పట్టీ, నాలిక కింద దూర్చే వెంట్రుకంత తీగ, ఒక పెట్టె, పెట్టెకి ఒక మర. "ఘంటయ్యా, ఇలా రా. భయపడకు."

ఘంటయ్య భయపడుతూనే వెళ్లాడు. మేష్టారు పట్టీ చుట్టి, తెర మీద డోరతీ మేడంని పెట్టి, మరని ఒక్క పిసరు తిప్పాడు. మేడం నోరు కదిలింది. ఘంటయ్య నోరు కూడా కదిలింది. "వాట్ ఎ వండర్‌ఫుల్ మార్నింగ్!" అన్న మాట శుభ్రంగా, దొరసాని పలికినంత శుభ్రంగా, ఘంటయ్య మీసాల కింద నుంచి బయటికొచ్చింది. అన్నదెవరా అని ఘంటయ్య వెనక్కి తిరిగి చూశాడు.

"పెట్టె ఆవిడ నోరు చదువుతుంది. ఆవిడ ఏ కండరం కదిలిస్తే, నీ నోట్లో ఆ కండరాన్నే గిల్లుతుంది. నువ్వు చెయ్యక్కర్లేదు, నీ చేత చేయిస్తుంది. ఇరవై ఒక్క రోజులు చేయించిందంటే అదే అలవాటైపోతుంది" అన్నాడు మేష్టారు.

పెద్దింట్లు కళ్లు పట్టీ మీదే ఉన్నాయి. అచ్చాయమ్మ కళ్లు మాత్రం మేష్టారి బుగ్గ మీద ఉన్నాయి. "తీసేత్తే మళ్లీ మామూలేనా అండీ?" అని అడిగింది.

కిళ్లీ కుడి బుగ్గ నుంచి ఎడమ బుగ్గకి మారింది. "మామూలే" అన్నాడాయన.

ముందుగా పిల్ల నాలిక ఇప్పుడెలా ఉందో పెట్టెకి చూపించాలన్నాడు. పిల్ల ఫోన్ కెమెరానే దగ్గరగా పెట్టి అరగంట వీడియో తీశాడు. ఊరు, పేరు, చదువు, ఇష్టం వచ్చిన కబుర్లు చెప్పమన్నాడు. "నీకు బాగా అలవాటైన మాటేదైనా గట్టిగా అను" అంటే పెద్దింట్లు సిగ్గుపడి, నవ్వి, కళ్లు మూసుకుని మందని పిలిచింది. కింద మిల్లు చప్పుడు ఆ పిలుపు కింద అణిగిపోయింది. అచ్చాయమ్మ ఏదో అనబోయి ఠక్కున నోరు మూసుకుంది. అక్కడ బాతులు లేవు. అయినా ఆ పిలుపు వినబడితే ఆవిడ నోరు దానంతటదే మూతపడుతుంది. ఆ అరగంటా మూతపడే ఉంది.

అనుమతి కాగితం మీద పిల్ల సంతకం పెట్టింది. ఎందుకైనా మంచిదని ఘంటయ్య వేలిముద్ర కూడా వేశాడు.

పట్టీ ఇంటికొచ్చిన ఆరో రోజుకి పచ్చ గీతలు మొదలయ్యాయి. పదో రోజుకి ఎర్ర గీత కనపడలేదు. పెద్దింట్లు మాట్లాడుతుంటే, కళ్లు మూసుకుంటే డోరతీ మేడమే పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నట్టుండేది. ఘంటయ్య ఊరంతా తిరిగి చెప్పాడు. తన కూతురు ఇంగ్లీషు మాట్లాడుతుంటే కొల్లేటికి వలస వచ్చిన విదేశీ కొంగలు వాలి వింటున్నాయన్నాడు.

వినవలసిన బాతులు వినటం లేదని కనిపెట్టింది అచ్చాయమ్మే.

పదమూడో రోజు సాయంత్రం పిల్ల పిలిచింది. మంద కదిలింది గాని, చివరి వరస ఆగింది. ముప్పై నలభై బాతులు మెడలెత్తి అటూ ఇటూ చూశాయి. రెండోసారి పిలిస్తే వచ్చాయి. ఘంటయ్య చూడలేదు. పిల్ల చూసి, చూడనట్టుంది. అచ్చాయమ్మ గట్టు మీద నోరు మూసుకుని నిలబడింది. పిలుపు చివర దొర్లింపు లేదు. మొదలు అదే, ఎత్తు అదే. చివర మాత్రం నునుపుగా, సబ్బు పెట్టి కడిగినట్టుంది.

ఇంటికి రాగానే అడిగింది. "నాలిక ఆనించలేదేమే?"

"ఆనించానే." ఆ మాట కూడా నునుపుగానే వచ్చింది.

"ఏదీ, ఇప్పుడు ఆనించు."

పెద్దింట్లు నోరు తెరిచింది. మూడుసార్లు ప్రయత్నించింది. నాలిక అంగుడి దాకా వెళ్లి, అక్కడేం చెయ్యాలో తోచక తిరిగొచ్చేసింది. పిల్ల మొహంలో రంగు పోయింది. తరవాత బలవంతాన నవ్వి, "జలుబు చేసిందిలే అమ్మా" అంది. అమ్మా అన్న మాట అచ్చాయమ్మకి ఎవరో అద్దెకిచ్చిన మాటలా వినబడింది.

"ఆ పట్టీ తీసి అవతల పారెయ్యి."

"ఇంటర్వ్యూ ఇంకా పది రోజులే ఉంది. అయ్యాక తీసేత్తాను. మేష్టారు మామూలే అన్నారు గదా."

మర్నాడు అచ్చాయమ్మ ఒక గంపలో బాతుగుడ్లు పెట్టుకుని, అవి ఇవ్వటానికన్న వంకతో, చెప్పకుండా ఆకివీడు వెళ్లింది. మిల్లు ఆగి ఉంది. మేడ మెట్ల మీద ఉండగానే లోపల నుంచి గొంతు వినబడింది. తడబడుతోంది, ఆగుతోంది, ముద్దముద్దగా ఉంది. పక్షవాతం వచ్చిన మనిషి మాటలా ఉంది. తలుపు సందులోంచి చూసింది. మేష్టారు అద్దం ముందు నిలబడి తన పేరు తాను పలకటానికి అవస్థ పడుతున్నాడు. కిళ్లీ బల్ల మీదుంది.

గుమ్మంలో నీడ చూసి ఆయన గబుక్కున కిళ్లీ బుగ్గన పెట్టుకున్నాడు. "ఏమిటమ్మా ఇలా వచ్చావు?" అన్నాడు మామూలు గొంతుతో. అంటే, కిళ్లీ ఉంది కాబట్టి అందరూ మామూలనుకునే గొంతుతో.

అచ్చాయమ్మకి అడగవలసినవన్నీ నోటి దాకా వచ్చాయి. ఏం వినవలసి వస్తుందోనని అడగలేక, గుడ్లు బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఆ బెదురే ఆవిడ చేసిన తప్పు. అంత నోరున్న మనిషీ, కావలసిన చోట నోరు మూసుకుంది.

ఆ పది రోజులూ సాయంత్రమయితే ఆవిడ గట్టు మీద నిలబడి ఆగిపోయిన బాతుల్ని లెక్కపెట్టేది. మొదట చివరి వరస ఆగేది, తరవాత సగం మంద ఆగేది. ఘంటయ్య దోనె వేసుకెళ్లి, గడతో నీళ్లు కొట్టి, తక్కినవాటిని తోలుకొచ్చేవాడు. "వానలకి బద్ధకించాయిలే" అనేవాడు, తనకే చెప్పుకుంటున్నట్టు.

ఇంటర్వ్యూ శుక్రవారం పదకొండు గంటలకి. బుధవారం సాయంత్రం పెద్దింట్లు పిలిచింది, పిలిచింది, గొంతు జీరపోయేదాకా పిలిచింది. మంద నడి కొల్లేట్లో పిట్టలదిబ్బ మీదే కూర్చుంది. ఒక్క బాతు కూడా దిగలేదు. మెడలు రెక్కల్లో దూర్చుకుని పడుకున్నాయి. ఎవరో పరాయి మనిషి అరుస్తుంటే తమకెందుకన్నట్టు.

గురువారం పొద్దున మైకు కట్టిన ఆటో వచ్చింది. వాయుగుండం తీరం దాటిందనీ, పైన బుడమేరు, తమ్మిలేరు పొంగాయనీ, సాయంత్రానికల్లా నీళ్లు కొల్లేట్లో పడతాయనీ, పశువుల్ని గట్టెక్కించమనీ చెప్పి పోయింది.

బాతుకి నీళ్లంటే భయమా అని మీరు నవ్వొచ్చు. నిలవ నీరంటే లేదు. వరద నీరు అలా కాదు. కొల్లేట్లో పడ్డదంతా ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది, దాంతోపాటు దానికి అడ్డొచ్చినదీ పోతుంది. ఇంటి బాతు రెక్కలు ఎగరటానికి పనికిరావు, ఆ ఉరవడికి ఎదురీదటానికి కాళ్లూ చాలవు. ఘంటయ్య తండ్రి మంద అలాగే పోయింది. నెల తరవాత సముద్రపొడ్డున వలల్లో బాతు ఈకలు పడ్డాయట. ఆ ముసలాయన తరవాత బతికిన తొమ్మిదేళ్లూ మంద కట్టలేదు.

ఘంటయ్య దోనె వేసుకుని వెళ్లాడు. గాలికి దోనె రెండుసార్లు అడ్డం తిరిగింది. ఒక పక్క నుంచి తోలితే బాతులు దిబ్బ రెండో పక్కకి దిగి మళ్లీ ఎక్కాయి. పన్నెండు గంటలకి తడిసి ముద్దయి ఒడ్డుకొచ్చి, "నా వల్ల కాదే" అన్నాడు. దిబ్బ అప్పటికే సగానికి తగ్గింది. చుట్టూ నీరు ఎర్రగా, సుడులు తిరుగుతూ ఉంది.

పెద్దింట్లు మేష్టారికి ఫోన్ చేసింది. ఏం చెప్పిందో గాని, ఆయన గంటలో వచ్చాడు. స్కూటరు వెనక, ఇరవై ఒక్క రోజులు నిండగానే ఆయన వెనక్కి పట్టుకెళ్లిన పట్టీ, పెట్టె, వాటి మీద యూరియా సంచి కప్పి ఉంది. గట్టు మీద టార్పాలిన్ కిందికి వచ్చి, ముందుగా కిళ్లీ తీసి నీళ్లలో ఉమ్మేశాడు.

"నే... నేను అబద్ధం చెప్పాను." ముద్దముద్ద మాట. ఘంటయ్య తెల్లబోయి చూశాడు. అచ్చాయమ్మ తెల్లబోలేదు, ఆ గొంతు ఆవిడ మేడ మెట్ల మీదే విన్నది. "మామూలు... కాదు. కొత్తది పక్కన చేరదు. పాతదాన్ని తుడిచి ఆ చోట రాస్తుంది. ముందు నాకే పెట్టుకున్నాను. దొరలా మాట్లాడాను. పరాయివాడితో కాపురం చేస్తున్నట్టుందని మా ఆవిడ ఏడ్చింది. పాత వీడియో కేసెట్టులో నా మాటుంటే, దాన్ని పెట్టుకుని మళ్లీ రాశాను. రెండోసారి... రెండూ పోయాయి. ఇదిగో, ఇది మిగిలింది."

"తెలిసి మా పిల్లకి పెట్టావా?" ఘంటయ్య గడ ఎత్తాడు.

"ఒకసారైతే ప్రమాదం లేదనుకున్నాను. పిల్ల పట్టుదల చూసి... నేను చేసింది లోకానికి పనికొస్తుందని..." మేష్టారు తల దించుకున్నాడు.

పెద్దింట్లు పెట్టె మీది సంచి లాగేసింది. "మొదటి రోజు తీసిన వీడియో ఉందిగా. నా పిలుపు అందులో ఉందిగా. పెట్టండి నాకు."

"దాన్ని మైకులో వేసేత్తే పోదా?" అన్నాడు ఘంటయ్య.

"పొద్దున ఆ ఆటో మైకు అడిగి వేశా నాన్నా. తలెత్తి చూశాయి, అంతే. డబ్బాలోంచి వచ్చే గొంతు ఈ గాలికి ముక్కలైపోతంది. నాకు పెట్టండి మేష్టారూ. ఇంటర్వ్యూ పోతే పోద్ది."

"ఇంటర్వ్యూ కాదమ్మా పోయేది. నీది ఒకసారి రాసిన నాలిక. నీకు రెండోసారి పెడితే నాలా..."

"పెట్టండి!"

అప్పుడు గట్టు మీద అచ్చాయమ్మ నోరు విప్పింది. నాలుగేళ్లలో అదే మొదలు. అలవాటు తప్పిన చోట మాట్లాడుతున్నందుకేమో, గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"రాయని నాలికైతే?"

మేష్టారు ఆవిడ వంక చూశాడు. "మగవాడి గొంతు ఆ పిలుపుని అందుకోలేదు" అన్నాడు. "నీదైతే అందుకుంటుంది. కానీ ఇరవై ఒక్క రోజుల పని గంటలో చెయ్యాలంటే మర చివరికంటా తిప్పాలి. పిలుపొక్కటే కాదు. ఆ అరగంట వీడియోలో ఉన్న నాలికంతా నీకొస్తుంది. నీది ఉండదు."

"నీకు మతిపోయిందేటే?" అన్నాడు ఘంటయ్య.

"నీ గొంతు పెడితే బాతులు బెదిరి లంక దాకా ఆగవు. నువ్వు ఊరుకో."

"అమ్మా, వద్దే. నేను చేసుకున్నదానికి నువ్వెందుకు?" పెద్దింట్లు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నిన్ను గంపల పక్కన కూకోబెట్టింది ఎవరే? నేనే గదా. నా పిలుపే గదా నీకిచ్చింది. ఇప్పుడు నీ కాడినుంచి పుచ్చుకుంటన్నాను, అంతే." పట్టీ తనే మెడకి చుట్టుకుంది. నోరు తెరవబోయి ఆగింది. "పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చాను. ఎవరన్నా ఎల్లి దించండి. మాడిపోద్ది."

ఆవిడ సొంత గొంతుతో అన్న ఆఖరి మాట అది. ఆ సంగతి అప్పుడెవరికీ తోచలేదు. పప్పు మాత్రం మాడింది.

తెర మీద పెద్దింట్లు కనపడింది. నెల కిందటి పెద్దింట్లు. సిగ్గుపడుతోంది, జడ చివర లాక్కుంటోంది, ఊరూ పేరూ చెబుతోంది. అచ్చాయమ్మ నాలిక మీద ముందు చీమలు పాకినట్టయింది. తరవాత నిప్పు. తరవాత ఎవరో నాలికని వేళ్లతో పట్టుకుని, ఇలా కాదు, ఇలా అని వంచుతున్నట్టు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా రెప్ప వాల్చలేదు. లోపల తన పిలుపుని ఒకసారి తలుచుకుందామనుకుంది. దే అనుకుంది. తరవాతది దొరకలేదు. పంతొమ్మిదేళ్లు పిలిచిన పిలుపు, నీళ్లలో పడ్డ ఉప్పురాయిలా, తడుముతుండగానే వేళ్ల సందున కరిగిపోయింది. భయమేసింది. పట్టీ పీకేద్దామని చెయ్యి లేచింది. దిబ్బ వంక చూసి మళ్లీ దించుకుంది.

గంటకి మేష్టారు మర ఆపాడు.

అచ్చాయమ్మ లేచి గట్టు అంచుకి నడిచింది. దిబ్బ ఇప్పుడు నీళ్ల మీద నల్లటి చాపంత ఉంది. దాని అంచున బాతులు ఒక్కొక్కటే నీళ్లలోకి జారుతున్నాయి, జారినవి ఉప్పుటేరు వైపే కొట్టుకుపోతున్నాయి. ఆవిడ నోరు తెరిచింది.

"దే... దే దే దే దే..."

ఘంటయ్య ఒక్కసారి కూతురి వంక తిరిగాడు. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. పిలుపు పెళ్లాం దగ్గరనుంచే వస్తోంది. చివర నాలిక అంగుడికి ఆని దొర్లింది.

నల్లటి చాప కదిలింది. మొదట ఒక మూల లేచింది, తరవాత చాపంతా ఊడి నీళ్లలో పడింది. పద్నాలుగు వందల మెడలు ఒక్కసారి ఇటు తిరిగాయి. ప్రవాహం అడ్డంగా లాగుతోంది, అవి ఏటవాలుగా ఈదుతున్నాయి. అచ్చాయమ్మ గట్టు వెంట పరిగెడుతూ పిలుస్తోంది. అరవై డెబ్భై దాకా సుడిలో పడి పోయాయి. తక్కినవి ఒగరుస్తూ, బురదలో బోర్లా పడుతూ గట్టెక్కి ఆవిడ కాళ్ల చుట్టూ మూగాయి. ఘంటయ్య మాత్రం ఊళ్లో, ఒక్కటీ పోలేదనీ, పైగా ఎవరివో నాలుగు ఎక్కువొచ్చాయనీ చెప్పాడు.

శుక్రవారం పదకొండు గంటలకి ఇంటర్వ్యూ జరిగింది. అవతలి ఆవిడ పావుగంట మాట్లాడి, "చాలా బాగుంది. మీ మాటని బట్టి మీరెక్కడి మనిషో చెప్పలేకపోతున్నాను" అని మెచ్చుకుంది. ఉద్యోగం ఇచ్చారు. పెద్దింట్లు థాంక్యూ అని ఫోన్ ఆపేసి, ఆ మెప్పుని తలుచుకుంటూ చాలాసేపు గోడకి ఆనుకుని కూర్చుంది.

మేష్టారు పట్టీని మిల్లు కిందికి తీసుకొచ్చి, అందరి ముందూ సమ్మెటతో కొట్టాడు. కిళ్లీ మానేశాడు. ఎవరైనా మీ మాటకేమైందని అడిగితే, ఎంత ఆలస్యమైనా సరే, పూర్తిగా చెబుతాడు.

ఇప్పుడు గట్టు మీద నోరు కట్టుకోవలసింది పెద్దింట్లు. అచ్చాయమ్మ పిలుస్తుంది, మంద వస్తుంది. చిక్కు ఇంట్లోనే. వంటింట్లోంచి "నాన్నా" అని పిలవవలసిన గొంతు "ఏవయ్యో" అని పిలుస్తుంటే ఘంటయ్య ఉలిక్కిపడుతున్నాడు. పెళ్లాంతో మాట్లాడేటప్పుడు నేల చూస్తున్నాడు. అచ్చాయమ్మకీ మాట్లాడబుద్ధి కావటం లేదు. నోరు విప్పితే కూతురు మాట్లాడుతుంది. తిట్టబోయినా అంతే. ఎసరు ఇప్పుడు మంట పెడితేనే మరుగుతోంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం వార్చి వచ్చేసరికి పెద్దింట్లు మూలన ఫోన్ పట్టుకుని కూర్చుంది. వేలితో తెరని పైకి తోస్తోంది, ఆగుతోంది, మళ్లీ తోస్తోంది. అచ్చాయమ్మ తొంగి చూసింది. అన్నీ గట్టు మీద తీసిన వీడియోలే. బాతులు, పడవ, ఘంటయ్య వేషాలు. ప్రతి దాంట్లోనూ ఒక మూల తను ఉంది. ప్రతి దాంట్లోనూ నోరు మూసుకుని, చేత్తో సైగ చేస్తూ ఉంది. మేష్టారి దగ్గర తీసిన అరగంట వీడియో కూడా చూసిందా పిల్ల. అందులోనూ అమ్మ గొంతు లేదు.

"ఏం ఎతుకుతున్నావే?" అంది అచ్చాయమ్మ.

అమ్మ నోట తన పాత గొంతు వినబడి పెద్దింట్లు కళ్లు గట్టిగా మూసుకుంది. "ఏం లేదమ్మా."

ఆ తరవాత ఏదో గుర్తొచ్చినట్టు డోరతీ మేడం పాఠాలు తెరిచింది. పచ్చ గీతలవి వదిలేసి, కిందికి, ఇంకా కిందికి, పట్టీ రాకముందు ఎర్ర గీతలు పడ్డవాటి దగ్గరికి వెళ్లింది. చాలామటుకు అప్పుడే చెరిపేసింది. ఒక్కటి మిగిలింది. నొక్కింది.

మేడం ఏదో అంది. పెద్దింట్లు ఏదో అనబోయింది. ఈలోగా గిన్నె కిందపడ్డ చప్పుడు, దాని మీద ఒక గొంతు, గరుగ్గా, పొయ్యి పొగ పీల్చి పీల్చి బొంగురుపోయి, ప్రాణం లేచొచ్చినట్టు. "ఒసే పెద్దింట్లూ! కూర చల్లారిపోతందే!"

అచ్చాయమ్మ అక్కడే పీట లాక్కుని కూర్చుంది. "ఇంత అరిచేదాన్నా?" అంది కూతురి గొంతుతో.

"ఇంకా గట్టిగా అరిచేదానివి" అంది కూతురు డోరతీ మేడం గొంతుతో. అంటూనే ఏడ్చింది.

అచ్చాయమ్మ ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. మళ్లీ నొక్కింది. విన్నది. పెదాలు కదిపి చూసుకుంది. పట్టీ లేదు, తీగ లేదు, గిల్లి చేయించే పెట్టె లేదు. ఏ కండరం ఎటు కదపాలో తనే వెతుక్కోవాలి. గొంతు సవరించుకుని, అలవాటు లేని విద్యార్థిలా వెన్ను నిటారుగా పెట్టి, "ఒసే పెద్దింట్లూ, కూర చల్లారిపోతందే" అంది.

రాలేదు. నునుపుగా, ఇరవై రెండేళ్ల పిల్ల అన్నట్టే వచ్చింది.

తెర మీద ఎర్ర గీత పడింది. "ట్రై అగైన్" అంది తియ్యటి గొంతు.

"అంటానుండవే తల్లీ" అని, అచ్చాయమ్మ మళ్లీ నొక్కింది.